పాటతో కట్టిన హాస్టల్ (6వ భాగం)



పోయిన నెల ఒక యూనివర్సిటీ నుంచి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫెస్ట్‌కు మా కల్చరల్ టీమ్‌ను పిలిచిండ్రు. చీఫ్ గెస్ట్ కారు దిగంగనే గేటు కాడ డప్పు కొట్టాలట. స్టేజీ మీద మాత్రం టైం లేదట. పోవాల్నా, వద్దా?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత కడుపు మండింది. ఇరవై ఏళ్ల కింద మా టీమ్‌కు చూపించిందీ ఆ గేటే. మా సంగతి తర్వాత. ముందు ఇంకో యూనివర్సిటీ పిల్లల కథ చెప్పాలి. మనకంటే నూట యాభై ఏళ్ల ముందు ఇదే ప్రశ్న వాళ్ల ముందుకొచ్చింది.

అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి ఏడాది తిరగకముందే, 1866 జనవరిలో, టెనెసీ రాష్ట్రం నాష్‌విల్ నగరంలో ఫిస్క్ బడి తెరిచారు. సైన్యం ఖాళీ చేసిన ఆసుపత్రి బారకాసుల్లో తరగతులు. నిన్నటిదాకా సంతలో పశువుల్లా అమ్ముడుపోయిన మనుషులు, వాళ్ల పిల్లలు, ఒకే బెంచీ మీద కూర్చొని అక్షరాలు దిద్దారు. బానిసలను బంధించిన చోట దొరికిన తుప్పు సంకెళ్లను పాత ఇనుము కింద అమ్మి ఆ డబ్బుతో పుస్తకాలు కొన్నారని ఫిస్క్ వాళ్లు చెప్పుకుంటారు. 1867లో అది యూనివర్సిటీ అయింది. పేరు పెద్దదే, పెట్టె మాత్రం ఖాళీ. 1871 నాటికి మూసేసే పరిస్థితి.

అక్కడ కోశాధికారి జార్జ్ వైట్ అనే తెల్లాయన. సంగీతం కూడా ఆయనే నేర్పేవాడు. పిల్లలతో 'ఎస్తేర్' అనే బైబిలు కథను సంగీత రూపకంగా వేయించాడు. రాణి ఎస్తేర్ పాత్ర మ్యాగీ పోర్టర్‌ది. బానిసగా పుట్టిన పిల్ల రాణి వేషం కట్టి నాష్‌విల్‌లో పాడింది. ఈ పిల్లలనే తీసుకెళ్లి ఉత్తరాదిన కచేరీలు చేసి డబ్బు తేవాలని వైట్ ఆలోచన. 1871 అక్టోబర్ 6న తొమ్మిది మంది విద్యార్థులు రైలెక్కారు. అందరికంటే చిన్నది మిన్నీ టేట్, ఇంకా పదిహేను కూడా నిండలేదు.

ఈ బృందానికి ప్రాణం ఎల్లా షెపర్డ్. 1851లో బానిసగా పుట్టింది. తండ్రి డబ్బు కట్టి ఆమెను విడిపించుకున్నాడు. తల్లి బానిసత్వంలోనే ఉండిపోయింది. సిన్సినాటిలో ఒక తెల్ల టీచరు ఆమెకు సంగీతం నేర్పడానికి ఒప్పుకుంది, ఒక షరతు మీద: రాత్రిపూట రావాలి, వెనక దారిన రావాలి, ఎవరికీ చెప్పకూడదు. (వెనక దారి సంగతి మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు కదా.) చేతిలో ఆరు డాలర్లతో ఫిస్క్‌కు వచ్చిన ఆ అమ్మాయి ఇప్పుడు బృందానికి పియానో వాయించి, సాధన కూడా చేయించేది.

వాళ్లు మొదట పాడింది తమ పాటలు కావు. తెల్లవాళ్ల కచేరీ పాటలే ఎక్కువ. అమ్మానాన్నలు పత్తిచేలల్లో, రాత్రి చాటుమాటు ప్రార్థనల్లో పాడుకున్న పాటలు ఈ పిల్లలకు వచ్చు. కానీ నలుగురిలో పాడాలంటే ఇష్టం లేదు. ఎల్లా తర్వాత రాసుకుంది: ఆ పాటలు మా పెద్దవాళ్లకు పవిత్రమైనవి, పైగా అవి మరిచిపోవాలనుకున్న చీకటి రోజులవి అని. తలుపులు మూసుకొని, నేల మీద కూర్చొని, గొంతు తగ్గించి పాడుకునేవాళ్లు.

ఇది చదివినప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. నేను యూనివర్సిటీలో డప్పు కొడుతున్నానని తెలిసి ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఒకటే అన్నాడు: "గా సావుడప్పు ఇడిపియ్యనీకే గద బిడ్డా నిన్ను సదివిచ్చింది." నేను దండోరా ఉద్యమం గురించి చెప్పాను. 1994లో ఈదుమూడిలో మొదలైన ఆ పోరాటం ఊరికి చాటింపు వేసిన డప్పును మన హక్కుకు చాటింపు చేసిందన్నాను. ఆయన విన్నాడు. ఒప్పుకోలేదు. ఆయన తప్పు అని నేను ఇప్పటికీ అనలేను.

మళ్లీ ఫిస్క్‌కు వద్దాం. అప్పట్లో 'నీగ్రో పాట' అంటే అమెరికాకు తెలిసింది మిన్‌స్ట్రెల్ షో. తెల్లవాళ్లు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకొని, నల్లవాళ్లను వెకిలిగా అనుకరించి నవ్వించే ఆట. ఈ పిల్లలు పోయిన ప్రతి ఊళ్లో జనం ఆ ఆటే అనుకున్నారు. నెవార్క్‌లో ఒక హోటల్ యజమాని మిన్‌స్ట్రెల్ బృందమనుకొని గదులిచ్చాడు. ఆ నలుపు మసి కాదు, ఒంటి రంగేనని తెలియగానే బయటికి పంపేశాడు. మళ్లీ చదవండి. నల్లవాడిలా వేషం వేసిన తెల్లవాడికి గది ఉంది, నల్లవాడికి లేదు.

కొలంబస్ నగరంలో బృందానికి 'జూబిలీ సింగర్స్' అని పేరు పెట్టుకున్నారు. లేవీయకాండంలో యాభయ్యో ఏడు బానిసలకు విడుదల, ఆ ఏడు పేరు జూబిలీ. ఓబర్లిన్‌లో చర్చి పెద్దల సభలో తమ పాటలు ఎత్తుకున్నారు. సభ నిశ్శబ్దమైపోయింది. అక్కడి నుంచి న్యూయార్క్, ఆ తర్వాత 1872లో వైట్‌హౌస్. మొదటి యాత్రలో 20,000 డాలర్లు వచ్చాయి. 1873లో బ్రిటన్ వెళ్లి విక్టోరియా రాణి ముందు పాడారు. అదే 1873లో ఇక్కడ పూణెలో ఫూలే 'గులాంగిరి' అచ్చువేసి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఒకరి గురించి ఒకరికి తెలిసిందో లేదో గానీ, నాకు ఈ రెండూ ఒకే గోడ మీది రెండు కిటికీల్లా కనిపిస్తాయి.

ఆ డబ్బుతో కట్టిందే జూబిలీ హాల్. 1876లో పూర్తయింది, ఇప్పటికీ విద్యార్థుల హాస్టలే. 1885లో ఫిస్క్‌లో చేరిన డుబోయ్స్‌కు ఆ గోడలు ఇటుకలతో కాదు, పాటలతో కట్టినట్టు కనిపించాయట.

ఇక్కడ ఆపితే కథ తియ్యగా ఉంటుంది. ఆపను. ఆ పిల్లల చదువు ఏమైంది? ఏళ్ల తరబడి రైళ్లలో, చలిలో తిరిగారు, జబ్బుపడ్డారు. బెంజమిన్ హోమ్స్ క్షయతో పోయాడు. వైట్ మంచివాడే కావచ్చు, కానీ విశ్రాంతి ఇవ్వకుండా తిప్పాడు. యూనివర్సిటీ నిలబడింది, నిలబెట్టిన వాళ్లు తరగతి గదికి దూరమయ్యారు. మీటింగు మీటింగుకూ పాట కోసం పిలిచి, పరీక్ష ఫీజు గురించి అడగని మన సంఘాల అన్నలు ఈ ముక్క చదవాలి.

ఇప్పుడు మా గేటు సంగతి. మేం ఏడుగురం. గేటు దగ్గర కొట్టమని చెప్పాం, స్టేజీ అడిగాం. పెద్ద గొడవే అయ్యింది. చివరికి మధ్యాహ్నం భోజనాల తర్వాత పన్నెండు నిమిషాలు ఇచ్చారు. సగం కుర్చీలు ఖాళీ. కానీ వెనక గోడ పొడుగునా మెస్ పనివాళ్లు, స్వీపర్లు వచ్చి నిలబడ్డారు. ఒక దరువు అయ్యాక మెస్‌లో గిన్నెలు తోమే పెద్దాయన నేరుగా స్టేజీ ఎక్కి నా చేతిలో డప్పు గుంజుకున్నాడు. "సరిగ్గ కాగలే బిడ్డా" అని, మెస్ వెనకకు పోయి పాత పేపర్లు అంటించి కాచుకొచ్చాడు. పన్నెండు నిమిషాల్లో నాలుగు నిమిషాలు దానికే పోయాయి. మిగిలిన ఎనిమిదీ ఆయనే కొట్టాడు. మేం చిందేశాం.

తమ్ముడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. స్టేజీ కావాలని కాగితం రాసిచ్చారట. గేటుకు వేరే బ్యాండు వాళ్లను మాట్లాడుకుంటామని కమిటీ అంటోందట. జవాబు ఇంకా రాలేదు.