గరికపాడులో చెల్లని కాగితం

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. హైదరాబాద్ హాస్టళ్లు మూతపడుతుంటే, ఊరెళ్లమని తెలంగాణ పోలీసులు అనుమతి పత్రాలిచ్చారు. వాటితో విజయవాడ దారి పట్టినవాళ్లను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్రా పోలీసులు ఆపేశారు. 14 రోజులు క్వారంటైన్‌లో ఉంటేనే రానిస్తామన్నారు. ఒక సర్కారు కాగితం పక్క సర్కారు దగ్గర చెల్లలేదు.

పాసుల గొడవ మన ఎరుకలోళ్లకు పాతదే. విజయవాడకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం సెటిల్‌మెంటు ఉండేది. 1911 నేరస్థ తెగల చట్టం కింద అక్కడ ఉంచిన మన తాతలు పాసు లేకుండా పొరుగూరు వెళ్లినా నేరమే. రోగానికి ఆపడం వేరు, పుట్టుకకు ఆపడం వేరు. అది తెలిసే చెబుతున్నాం. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది.

2020 ఏప్రిల్‌లో మిరపకోతకొచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ కూలీలు రోడ్డు వదిలి అడవిదారిన నడిచి వెళ్లారు. అక్కడ కాగితం అడిగేవాళ్లు లేరు.