ఎవరి ఇల్లు గీశాం?

కొన్నేళ్ల క్రితం గృహ కార్మికుల కోసం ఒక బొమ్మల కరపత్రం తయారుచేస్తూ, అందులో మాటలు రాసే పని నాకప్పగించారు. విషయం పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, చట్టాన్ని తేలిక తెలుగులోకి తేవడం ఎంతసేపులే అనుకున్నాను.

మొదటి బొమ్మలో ఒక ఇల్లు, గుమ్మం ముందు ముగ్గు. హైదరాబాదులో చాలా ఏళ్లుగా ఇళ్లల్లో పనిచేస్తున్న ఒకామె దాన్ని చూసి, "ఇది మా ఇల్లా, మేం పనిచేసే ఇల్లా అమ్మా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబివ్వడానికి చట్టానికే ఏళ్లు పట్టింది. 1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకోబోయినందుకు భన్వరీ దేవిపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె పని ప్రదేశం ఆఫీసు కాదు, ఊరి వీధులు, పరాయి గడపలు. ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు వేసిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. అయినా 2010లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు గృహ కార్మికులను వదిలేసింది. మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి, స్థాయీ సంఘం చేర్చమంది. చివరికి 2013 చట్టంలో 'నివాస గృహం' కూడా పని ప్రదేశాల జాబితాకెక్కింది. యజమానికి ఇల్లయినది ఆమెకు పనిచోటు అని చట్టం ఒప్పుకుంది. మేం ముగ్గు తీసేసి సింకునిండా అంట్లు, తడిగుడ్డ, బకెట్ గీయించాం.

రెండో బొమ్మలో ఒకామె కలం పట్టుకుని ఫిర్యాదు రాస్తోంది. "రాయడం వస్తే మాకీ బొమ్మలెందుకు?" అందామె. 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలన్న చట్టమే, రాయలేని వారికి కమిటీ రాయడంలో సాయపడాలని కూడా చెప్తోంది. ఆ మాటను నేను అడుగున చిన్న అక్షరాల్లో పెట్టాను. అది నా చదువు చేసిన తప్పు. కొత్త బొమ్మలో ఒకామె చెప్తుంటే ఇంకొకామె రాస్తోంది.

అసలు చిక్కు మూడో బొమ్మ. ఉద్యోగిని అయితే విచారణ జరిగే కాలంలో బదిలీ, సెలవు అడగొచ్చు. గృహ కార్మికురాలి విషయంలో మాత్రం, ఆరోపణకు ప్రాథమిక ఆధారం కనిపిస్తే, జిల్లాలోని స్థానిక కమిటీ ఫిర్యాదును 7 రోజుల్లో పోలీసులకు పంపాలి. స్టేషన్ బొమ్మ చూస్తే భయపడి కరపత్రం పక్కన పడేస్తారేమో, వద్దన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"భయం మాకు కొత్త కాదు. ఎక్కడికి పోవాల్సొస్తుందో ముందే చెప్పండి. మీరు దాచిపెట్టి పంపిస్తే అక్కడ నిలబడేది మేమే."

స్టేషన్ గీయించాం. ఆ మర్నాడు పని పోతే ఆమె కూలికి దిక్కెవరో చెప్పడానికి చట్టంలో మాకే బొమ్మా దొరకలేదు. గృహ కార్మికుల హక్కులకు ప్రత్యేక చట్టం అవసరమా అన్నది పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించినప్పుడు, మా కరపత్రంలో గీయలేకపోయిన ఆ బొమ్మే గుర్తొచ్చింది.