పలకల సీమలో పెండ్లి పలకలు

మార్కాపురం అనగానే చాలామందికి బడిపిల్లల రాతిపలకలు గుర్తుకువస్తాయి. మా మార్కాపురం సీమలో పలక అంటే డప్పు కూడాను. తెలుగు పండితునిగా నేను అక్షరాలు దిద్దించినది మొదటి పలకమీద. మా ఊళ్ళ పెండ్లిండ్లలో జనాన్ని ఆడించినది రెండవది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. అందువల్లనే కాబోలు, తప్పెట అన్నమాటా ఇక్కడ వినబడుతుంది.

గుండ్రని కొయ్య చట్రానికి ఒకప్రక్క మాత్రమే తోలు బిగిస్తారు. వాయించేముందు మంటసెగ చూపితే తోలు బిగిసి గొంతు విప్పుతుంది. ఒకచేత లావుపాటి సిర్ర, రెండవచేత సన్నని సిటికెన పుల్ల. తుర్కీదేశపు పెండ్లిండ్లలో మ్రోగే దవుల్‌కు కూడ ఒకచేత లావుకర్ర, మరొకచేత సన్నని బెత్తం! దానికి జోడు జుర్నా. ఈ జుర్నా, మన సన్నాయి పారసీక ‘సుర్నాయ్’ ఇంటి మాటలే. సన్నగా ఉండును గనుక సన్నాయి అయినదనే వ్యుత్పత్తిని నేనైతే ఒప్పుకోను.

అక్కడ ఆ రెండూ ఒకే బయలులో కలిసి మ్రోగుతాయి. ఇక్కడ విడిపోయాయి. పందిట్లో భజంత్రీల సన్నాయి, డోలు. వీధిలో మాదిగ వాద్యకారుల పలక. తాళికట్టే వేళ గట్టిమేళం పందిటిది. ఊరేగింపులో దరువు మారగానే బావమరుదులు కండువాలు నడుముకు బిగించి దూకేది పలకకే. చావుకూ జాతరకూ అదే వాద్యం, దరువు వేరు. దూరాన వినే ముసలమ్మ కూడ ఏది దేనిదో చెప్పగలదు. ఇంత కావలసిన వాద్యకారుడు మాత్రం పందిరి గుంజకు ఆవలనే నిలబడ్డాడు. ఊరి వెట్టిలో భాగంగా వాయించిన తరాలున్నాయి.

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంతో 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆ వాద్యానికి మతం అడ్డురాలేదు. పలకకు ఆ సభాద్వారం తెరుచుకోలేదు. దాని గౌరవం మరోదారిన వచ్చింది: 1994 జూలై 7న ఇదే జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. జనం దానికి పెట్టుకున్న పేరు దండోరా. చాటింపు వేయించుకున్న ఊళ్ళకు ఆ చాటింపే ఎదురు తిరిగిందన్నమాట.

ఇప్పుడు ఊరేగింపులలో డీజే పెట్టెలదే రాజ్యం. చిత్రమేమిటంటే వాటిలో వేసే పాటలలోనూ డప్పు దరువే ఎక్కువ. డప్పు కళాకారుల పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైంది, మంచిదే; పెండ్లి పిలుపులు మాత్రం తగ్గాయి.

మిత్రులారా, మీ ఊళ్ళలో పెండ్లి దరువులకు ఏమేమి పేర్లున్నాయో పెద్దలనడిగి వ్రాసిపెట్టండి.