మధుమేహ చికిత్స – రోగి యభీష్టము



విశాఖపట్టణపు చేపలరేవున తెల్లవాఱుజామున జరుగు వేలమును మీలో కొందఱైన చూచియుందురు. పడవ రేవు చేరగనే కోనాములు, చందువలు, రొయ్యలు గుట్టలుగా బోయుదురు. ఒకడు ధర పలుకును, వేఱొకడు హెచ్చించును, మూడవవాడు చాలునని తప్పుకొనును. ఏ సరకుపై నెవరి కెంత కోరికయో యెవరును నోట వివరింప నక్కఱలేదు. పాటయే దానిని తెలుపును. మనుజుని మనసులోని కోరికను గొలుచుటకు వేలము మిక్కిలి ప్రాచీనమైన సాధనము.

మందు విషయమున నిట్టి వేలము లేదు. వైద్యుడు వ్రాసినది రోగి పుచ్చుకొనవలెను. అది యతని మనసునకు నచ్చునా, అతని జీవనోపాధికి ఒదుగునా యని యడుగు నాచారము చిరకాలము లేకుండెను. ఆ ప్రశ్న యెట్లు పుట్టినదో, దాని కుత్తరమును గొలుచు పద్ధతు లెట్లేర్పడినవో, మధుమేహమును నిదర్శనముగా గైకొని నేడు మనవి చేసెదను. ఇది పట్టణవాసుల జాడ్యమని త్రోసివేయరాదు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము మన దేశమున పదికోట్లకు పైగా జనులకీ వ్యాధి గలదు. పల్లెలయందు సైతము వయసు వచ్చినవారిలో నూటికి దాదాపు తొమ్మండుగురు దీని వాతబడియున్నారు.

మన పూర్వులకీ వ్యాధి క్రొత్తది గాదు. చరకుడు కృశించిన రోగిని, స్థూలకాయుడగు రోగిని వేఱుగా జూడుమనెను. సుశ్రుతుడు పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యము వలన వచ్చునది యొకటి యని విభజించెను. ఆయన చికిత్సాస్థానమున విచిత్రమగు విధి యొకటి గలదు. ధనహీనుడగు రోగి చెప్పులు గొడుగు లేక, భిక్షాన్నము దినుచు, ఊరికొక్క రాత్రి చొప్పున నిలుచుచు నూఱు యోజనములు నడువవలెనట. మఱికొందఱికి నూయి త్రవ్వుట విధింపబడినది. రోగి స్థితినిబట్టి చికిత్స మాఱవలెనను వివేక మిందు స్పష్టముగా నున్నది. అయినను నిర్ణయించువాడు వైద్యుడే. నడక యిష్టమా, త్రవ్వుట యిష్టమా యని రోగి నడుగుట యందు గానరాదు.

ఇక నవీన కాలమునకు వత్తము. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు మాక్లియడ్డు గారి ప్రయోగశాలలో ఇన్సులిన్‌ను సాధించిరి. కాలిప్ దానిని శుద్ధి చేసెను. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునకు తొలి సూది వేసిరి. అంతకుముందు అట్టి పిల్లలను దాదాపు ఉపవాసమున నుంచి కొన్నాళ్లు ప్రాణము నిలుపుట తక్క వేఱు దారి లేకుండెను. 1923లో బాంటింగు, మాక్లియడ్డులకు నోబెల్ బహుమాన మీయబడినది. ఆ సంవత్సరముననే విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసెను. అదియే తరువాత ఆంధ్ర వైద్యకళాశాల యయ్యెను.

సూదియో చావో యనునప్పుడు ఇష్టమును గూర్చి యడుగుట వృథా. రెండు దారు లున్నప్పుడే కోరికకు చోటు గలుగును. 1956 ప్రాంతమున టాల్బుటమైడు మాత్రలు వచ్చెను. 1957లో ఫ్రాన్సు దేశమున జీన్ స్టెర్న్ అను వైద్యుడు మెట్‌ఫార్మిన్ గుణమును వెల్లడించెను. అటుపిమ్మట మాత్రలలోను సూదులలోను రకములు పెరిగెను. ఒక్కొక్కదాని కొక్కొక్క లాభము, ఒక్కొక్క కష్టము.

1993లో అమెరికా, కెనడా దేశములలో 1,441 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితము వెలువడెను. చక్కెరను కట్టుదిట్టముగా అదుపునం దుంచినవారికి కంటిజబ్బు మిక్కిలి తగ్గెను. కాని నెత్తుటిలో చక్కెర హఠాత్తుగా పడిపోయి తెలివి తప్పు ప్రమాదము వారికి మూడురెట్లయ్యెను. ముందెప్పుడో రాగల అంధత్వమును తప్పించుకొనుటకు నేడు స్పృహ తప్పు భయమును సహింపవలెనా? దీనికి శాస్త్రము ఒంటరిగా జవాబు చెప్పజాలదు. 2008లో మఱియొక గొప్ప పరీక్షయందు, అతి తీవ్రముగా చక్కెరను తగ్గింపబూనిన పక్షమున మరణములు హెచ్చుటచే ఆ చికిత్సను నిలిపివేసిరి. 2012లో అమెరికా, ఐరోపా మధుమేహ వైద్యసంఘములు కలసి, రోగి యభీష్టమును, అవసరములను గమనించి చికిత్స నిర్ణయింపవలెనని ప్రకటించెను.

అభీష్టమును గొలుచు టెట్లు? మూడు పద్ధతులు చెప్పెదను.

మొదటిది జూదము వంటిది. 1944లో న్యూమన్, మార్గెన్‌స్టెర్న్ అను పండితులు దీనికి గణితపు పునాది వేసిరి. “నీ వ్యాధి పూర్తిగా కుదుర్చు మందొకటి గలదనుకొనుము. అది వికటించిన ప్రాణము పోవును. ఎంతవఱకు ఆ ప్రమాదమున కొప్పుకొందువు?” అని యడుగుదురు. ఒప్పుకొన్న ప్రమాదము హెచ్చినకొలది వ్యాధి యతని నంతగా బాధించుచున్నదని యర్థము.

రెండవది ఆయువుతో బేరము. టొరంటోకు చేరువనున్న హామిల్టన్ నగరమున టారెన్సు, ఆయన సహచరులు 1972లో దీనిని ప్రకటించిరి. ఈ వ్యాధితో పదేండ్లు బ్రదుకుటకు సమముగా నిండారోగ్యముతో నెన్నేండ్లు చాలునని యడుగుదురు. ఎనిమిదేండ్లు చాలునన్నచో, ఆ బ్రదుకున కతడు కట్టిన విలువ పదింట నెనిమిది. 2007లో చికాగోలో 701 మంది మధుమేహరోగుల నిట్లు ప్రశ్నించిన ఫలితము ప్రకటితమయ్యెను. పెక్కు మందులు, సూదులు, కఠినపథ్యము గల బ్రదుకునకు వారు సగటున కట్టిన విలువ, మధ్యరకపు ఉపద్రవములతోడి బ్రదుకునకు కట్టినంత తక్కువగా నుండెను. వ్యాధి బరువెంతయో చికిత్స బరువును నంతగా తోచునని వైద్యులు గ్రహించిరి.

మూడవది వేలమునకు దగ్గఱి చుట్టము. రెండు చీటులు చూపుదురు. ఒకదానిలో దినమున కొక మాత్ర, చౌక, అదుపు కొంత తక్కువ. రెండవదానిలో రెండు సూదులు, వెల హెచ్చు, అదుపు మంచిది. ఏది కావలెనని యడుగుదురు. షరతులు మార్చి మార్చి మరల నడుగుదురు. పెక్కు ఎంపికలనుండి సూది భయమునకెంత, వెలకెంత, అదుపునకెంత తూకమో లెక్క కట్టుదురు. ఈ లెక్కకు మూలమగు సిద్ధాంతమును వృద్ధిపఱచిన మెక్‌ఫాడెన్ పండితునకు 2000లో నోబెల్ బహుమాన మీయబడినది. ఇవిగాక ఇంగ్లాండున క్లేర్ బ్రాడ్లీ యను విదుషి యెనిమిది ప్రశ్నల పట్టిక నొకటి కూర్చెను. రోగి తన తృప్తికి సున్న మొదలు ఆరు వఱకు మార్కు లిచ్చుకొనును.

మన విశాఖపట్టణమును ఈ విచారమునకు దూరము గాదు. డాక్టరు జి. ఆర్. శ్రీధర్, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మనస్తత్త్వశాస్త్రశాఖకు చెందిన కె. మధు కలసి మధుమేహరోగుల నిద్రాభంగమును గూర్చి 1994లోను, ఈ వ్యాధికి మనస్సుతోను సంఘముతోను గల సంబంధమును గూర్చి 2002లోను వ్యాసములు ప్రకటించిరి. నెత్తుటి లెక్కతో పాటు రోగి బ్రదుకును విచారింపవలెనను తలంపు మన రేవుపట్టణముననే యిట్లు రూపొందినది.

ఆ బ్రదుకెట్టిదో చూడుడు. 1976లో చేపలరేవు ఏర్పడిన పిమ్మట తెప్పలతోపాటు యంత్రపు పడవలు ప్రబలెను. వానిపై పనివారు పది పదునైదు దినములు సముద్రముననే యుందురు. అందొక నడివయసు సరంగునకు మధుమేహ మున్నదనుకొందము. వల లాగునప్పుడు భోజనపు వేళ నిలువదు. మాత్రలలో కొన్నియు, ఇన్సులిన్‌యు పుచ్చుకొని వేళకు తినకున్నచో చక్కెర పడిపోవును. ఒడ్డున నైనచో ఇంత బెల్లము నోటవేసి పండుకొనవచ్చును. నడిసంద్రమున చుక్కాని పట్టినవాడు తెలివి తప్పినచో పడవయందలి వారందఱికిని ముప్పు. పడవలో ఐసు గలదు గదా యని ఇన్సులిన్ సీసాను దానిలో బూడ్చినచో గడ్డకట్టి చెడును. ఇతడు “కొంచెము చక్కెర హెచ్చుగ నున్నను సరియే, పడిపోని మందిండు” అనవచ్చును. అది మూఢత్వము గాదు, అతని తూకము. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు వేట నిషేధ మున్న 61 దినములు ఒడ్డుననే యుండును గనుక అప్పుడతడే వేఱుగా కోరవచ్చును. ఉక్కు కర్మాగారమున రాత్రిపాళీ చేయువాని తూకము మఱియొకటి.

ఈ కొలతలకు లోపములును గలవు. చదువురాని వానికి సున్న నుండి ఆరు వఱకు మార్కులనగా నేమో తోచదు. ఆయుర్దాయముతో బేరమాడుట అశుభమని మనవారు నోరు మెదపకపోవచ్చును. పేదవాడు చౌకమందును కోరినచో అది కోరికయో లేమియో కొలత చెప్పజాలదు. అన్నిటికంటె ముఖ్యముగా, మన యిండ్లలో రోగి మాటను పెద్దలమగు మనమే చెప్పివేయుదుము. కోడలికి సూది యిష్టమో మాత్ర యిష్టమో మామగారు జవాబిచ్చును. అట్టి జవాబును గొలిచిన ఫలమేమి?

కావున పెద్దలకు నాదొక మనవి. మీ యింట నెవరికైన ఈ వ్యాధి సోకినచో వైద్యుని యెదుట మొదట వారినే మాటాడనిండు. వేళకు తినగలరా, సూదికి జంకుదురా, దేనికి మిక్కిలి భయపడుదురు, నెలకెంత వ్యయము భరింపగలరు అను నాలుగు ప్రశ్నలకు ఉత్తరములు ముందే యోచించుకొని పొండు. నచ్చని మందును వైద్యునకు చెప్పక మానివేయుట ప్రమాదము. నచ్చలేదని చెప్పి మార్పించుకొనుట హక్కు. సుశ్రుతుడు రోగి స్థితిని చూచెను. నేటి వైద్యుడు రోగి మనసును సైతము విచారించుచున్నాడు. ఆ మనసును విప్పి చెప్పు ధైర్యము మన యింటివారికి మనమే కలిగింపవలెను.