గొలుసు కొలిచిన సీమ

1800వ సంవత్సరమున నిజాము కడప, బళ్లారి ప్రాంతములను ఇంగ్లీషు కుంపిణీకి ధారపోసిన పిమ్మట, దత్తమండలములని పేరువడిన ఆ మెట్టసీమ (రాయలసీమ యను గౌరవనామము 1928లో నంద్యాల సభలోగాని దానికి దక్కలేదు) కలిమిలేములను లెక్కగట్టి పాలనకొక త్రోవ యేర్పరచు భారము కుంపిణీ యధికారి థామస్ మన్రోపై బడెను. కరణముల చిట్టాలను నమ్మి కచేరీలో కూర్చుండక, ఆయన 33 అడుగుల గొలుసుతో చేలను కొలిపించి, గొలుసు చదరము గుంటగను, 40 గుంటలు ఎకరముగను లెక్కించి, నేల తరమునుబట్టి శిస్తు కట్టించెను. కొలత సరియే; శిస్తు మాత్రము హెచ్చు. వాననమ్మిన నల్లరేగడిలో రైతు చేతికేమి మిగులునో గొలుసు చెప్పగలదా? ఈ సంగతిని మన్రోయే గ్రహించి, 1807లో సీమను విడుచుచు, శిస్తును నూటికి 25 వంతులు తగ్గింపవలెనని వ్రాసిన నివేదిక ఆనాడు చెల్లలేదు. కుంపిణీ ఊళ్లను గుత్తకిచ్చి చూచి చేతులు కాల్చుకొనిన పిదప, 1820లో ఆయన మద్రాసు గవర్నరైన తరువాతనే ఆ తగ్గింపు రైతునకు ముట్టెను. నవాబుల యేలుబడిలోనున్న కర్నూలు మాత్రము 1839 వరకు ఈ లెక్కకు వెలిగానే యుండెను. కడసారి ఈ సీమను చూడవచ్చిన మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించెను.