వేళ్ల మీది లెక్క

1975లో అమెరికాలో పిల్లలతో ఒంటరిగా బతుకీడ్చే తల్లి, పన్ను శాఖ నుంచి తనకెంత రావాలో వేళ్ల మీద లెక్కపెట్టుకోగలిగేది. సంపాదించిన ప్రతి డాలరుకూ పది సెంట్లు. 4,000 డాలర్లకు 400. ఆపైన ప్రతి డాలరుకూ పది సెంట్లు తగ్గుతూ 8,000 దగ్గర సున్నా. అంటే 5,000 సంపాదిస్తే 300, 6,000 సంపాదిస్తే 200. ఇది కట్టాల్సిన పన్నును మించితే మిగిలింది చెక్కుగా చేతికొచ్చేది. దీని పేరు ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్, పొట్టిగా ఈఐటీసీ.

అసలు రీఫండ్ పుట్టిందే అంచనాలోంచి. రెండో ప్రపంచ యుద్ధం ఖర్చు కోసం 1943 జులై నుంచి జీతం ఇచ్చేటప్పుడే పన్ను పట్టుకోవడం మొదలైంది. మేసీస్ దుకాణాల కోశాధికారి బియర్డ్‌స్లీ రుమ్ల్ ఈ పద్ధతి కోసం గట్టిగా ప్రచారం చేశాడు. యజమాని ఉజ్జాయింపుగా కోస్తాడు, ఏడాది చివర అసలు లెక్క తేలుతుంది, ఎక్కువ కోసింది తిరిగొస్తుంది. 1951 నాటి చట్టం, జీవిత భాగస్వామి లేకుండా కుటుంబాన్ని పోషించేవారికి ‘ఇంటిపెద్ద’ హోదా ఇచ్చింది. ఉమ్మడి రిటర్న్‌తో దంపతులకు దక్కే లాభంలో దాదాపు సగం వీరికీ దక్కింది.

కానీ చిన్న జీతగాళ్లకు ఆదాయపు పన్నే అంతంతమాత్రం. వాళ్లను పిండేది పింఛను బీమా అయిన సోషల్ సెక్యూరిటీ కోసం జీతంలో పట్టే కోత. లూసియానా సెనేటర్ రసెల్ లాంగ్, అధ్యక్షుడు నిక్సన్ తెచ్చిన కనీస ఆదాయ పథకాన్ని ఎదిరించి, పనిచేసే పేదలకు ఆ కోతను తిరిగిచ్చే ‘వర్క్ బోనస్’ను 1972లో ప్రతిపాదించాడు. మాంద్యం ముదిరాక, 1975 మార్చి 29న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో అలాంటి ఏర్పాటే ఈఐటీసీగా, తాత్కాలికంగా అమల్లోకి వచ్చింది. 1978లో శాశ్వతమైంది.

అదే 1978 చట్టం ఇంకో దారీ తెరిచింది: క్రెడిట్‌లో కొంత ముందుగానే, నెలనెలా జీతంతో పాటు తీసుకోవచ్చు. ఇంటి అద్దె ఏప్రిల్ రిటర్న్ గడువు దాకా ఆగదు కదా! అయినా అర్హుల్లో దాన్ని వాడుకున్నవారు దాదాపు 3 శాతమే. మధ్యలో ఇంకో పని దొరికినా, పెళ్లయినా అంచనా తప్పుతుంది. తీసుకున్నది వెనక్కి కట్టాల్సి వస్తుంది. పైసా పైసా కూడబెట్టే మనిషికి ఆ భయం చిన్నది కాదు. 2010తో ఆ దారి మూసుకుపోయింది.

ఈలోగా సాయం పెరిగింది, చిక్కూ పెరిగింది. 1986లో క్రెడిట్‌ను ధరలతో ముడిపెట్టారు. 1990లో ఇద్దరు పిల్లలున్నవారికి వేరే రేటు వచ్చింది, 1993లో క్లింటన్ ప్రభుత్వం దాన్ని బాగా పెంచింది, 2009లో ముగ్గురున్నవారికి మరో మెట్టు చేరింది. పక్కనే 1997 చట్టంతో చైల్డ్ టాక్స్ క్రెడిట్ మొదలైంది.

2024 లెక్కే చూడండి. పదిహేడేళ్లు నిండని ఒక్క బిడ్డతో ఉన్న తల్లి జీతం 20,000 డాలర్లు. ఇంటిపెద్దకు ప్రామాణిక మినహాయింపు 21,900 కాబట్టి ఆదాయపు పన్ను సున్నా. ఈఐటీసీ 4,213, చైల్డ్ టాక్స్ క్రెడిట్‌లో చేతికొచ్చే భాగం 1,700. మొత్తం 5,913. జీతంలో ముందే కోసిన ఆదాయపు పన్నుంటే అదీ కలుస్తుంది. ఓవర్‌టైమ్ చేసి ఆమె 26,720 సంపాదిస్తే ఈఐటీసీ సుమారు 640 తగ్గుతుంది, కొంత పన్నూ పడుతుంది. బిడ్డ సగం ఏడాదికి మించి ఆమె ఇంట్లో ఉండకపోతే బిడ్డ పేరున వచ్చే ఈ ఈఐటీసీ ఆమెకు దక్కదు.

ఇంత లెక్క వేళ్ల మీద సాగదు. అందుకే ఫీజు పుచ్చుకునే టాక్స్ దుకాణాలు పేటల్లో వెలిశాయి. రీఫండ్‌ను చూపి, దానిలోంచే వడ్డీ లాగే అప్పులూ ఇచ్చాయి. మరోవైపు 1969లో మొదలైన వీటా కార్యక్రమంలో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో ఉచితంగా రిటర్న్‌లు నింపిపెడుతున్నారు. జీతం, కోతలు చూపే డబ్ల్యూ-2 పత్రం, బిడ్డ సోషల్ సెక్యూరిటీ కార్డు పట్టుకొని వాళ్ల బల్ల ముందు కూర్చున్న తల్లికి ఖచ్చితమైన అంకె అక్కడ తెలుస్తుంది. డబ్బు మాత్రం వెంటనే రాదు. మోసపు రిటర్న్‌లను పట్టుకోవడానికి 2015లో చేసిన చట్టం ప్రకారం, ఈఐటీసీ ఉన్న రీఫండ్‌ను ఫిబ్రవరి 15కు ముందు విడుదల చేయకూడదు. జనవరి ఆఖరులోనే రిటర్న్ వేసినా, అద్దె బాకీకో కారు మరమ్మతుకో అనుకున్న ఆ డబ్బు కోసం ఆమె అప్పటిదాకా ఎదురుచూడాల్సిందే.