ఎన్నికల బందోబస్తు: ఒక్క కానిస్టేబుల్ నుంచి కేంద్ర బలగాల దాకా

స్వతంత్ర భారతదేశపు తొలి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు 25న హిమాచల్ ప్రదేశ్‌లోని చిని తహసీలులో మొదలై 1952 ఫిబ్రవరి 21 దాకా, 68 విడతల్లో సాగాయి. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఆధ్వర్యంలో 2,24,000 పోలింగ్ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. బందోబస్తుకు పెట్టిన పోలీసులు కూడా 2,24,000 మందే. లెక్క చూస్తే కేంద్రానికి ఒక్కరు. అప్పట్లో అభ్యర్థికో పెట్టె విడిగా ఉండేది. వరుసలో తోపులాట లేకుండా చూడటం, ఆ పెట్టెలను చెక్కుచెదరకుండా లెక్కింపు స్థలానికి చేర్చడం పోలీసుల పని.

ఆ ఎన్నికలు తెలంగాణకు ప్రత్యేకమైన పరీక్ష. నాలుగేళ్లకు పైగా సాగిన సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబరులోనే విరమించింది. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీపై నిషేధం ఉండటంతో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో బరిలోకి దిగారు. సైనిక శిబిరాలు నడిచిన నల్లగొండ పల్లెల్లో జనం వరుసకట్టి ఓటేశారు. అక్కడ గెలిచిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి.

ఎన్నికల వేళ పోలీసులు ప్రయోగించిన అధికారాల్లో చాలావాటికి మూలం వలస పాలనలో ఉంది. సభలకు, ఊరేగింపులకు అనుమతి కావాలనే 30వ సెక్షన్ 1861 నాటి పోలీసు చట్టంలోది. గుంపులు కూడరాదనే 144వ సెక్షన్ 1898 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతిలోనూ, 1973 నాటి దానిలోనూ అదే అంకెతో కొనసాగి, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 163వ సెక్షన్ అయింది. షెడ్యూలు వెలువడగానే తెలుగు జిల్లాల స్టేషన్లలో పాత ఫైళ్లు బయటికి వస్తాయి. రౌడీషీటర్లను, పాత ఎన్నికల కేసుల్లో ఉన్నవారిని తహసీల్దారు ముందు హాజరుపరచి పూచీకత్తు రాయించుకుంటారు. దీన్నే బైండోవర్ అంటారు. లైసెన్సు తుపాకులను స్టేషన్లో డిపాజిట్ చేయిస్తారు.

పోలింగ్ రోజున పోలీసు అధికారానికి గీత గీసి ఉంటుంది. కేంద్రం చుట్టూ వంద మీటర్ల లోపల ప్రచారం నేరం. ఆ హద్దును చాలాచోట్ల సున్నంతో గీస్తారు. పార్టీల టెంట్లు, ఓటరు చీటీలు రాసే బల్లలు దానికి అవతలే. గుమ్మం దగ్గర నిలబడే కానిస్టేబుల్ మామూలుగా లోపలికి వెళ్లడు. లోపలి పెత్తనం ప్రిసైడింగ్ అధికారిది, ఆయన పిలిస్తేనే పోలీసు అడుగుపెట్టాలి. ఓటరు ఖాకీ దుస్తులను చూసి జంకకూడదన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం.

ఆ గుమ్మాన్ని మొదట దాటినవారు బూత్ ఆక్రమణదారులు. 1957 ఎన్నికల్లో బిహార్‌లోని బెగూసరాయ్ దగ్గర రచియాహీలో జరిగినదాన్ని దేశంలో మొదటి బూత్ ఆక్రమణగా చెబుతారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ రోగం పాకింది. 1977 మార్చిలో పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ లోక్‌సభ స్థానం లెక్కింపు జరుగుతుండగా ఫాజిల్కాలో అల్లరిమూక బ్యాలెట్లను ధ్వంసం చేసింది. ఎన్నికల సంఘం నియోజకవర్గమంతటా పోలింగ్‌ను రద్దుచేసి మళ్లీ జరపమంది. మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. చట్టం మౌనంగా ఉన్నచోట రాజ్యాంగం 324వ అధికరణమే సంఘానికి అధికారమిస్తుందని తేల్చింది.

1981లో గఢ్వాల్ లోక్‌సభ ఉప ఎన్నిక ఇంకా పెద్ద ప్రశ్న తెచ్చింది. ప్రతిపక్ష నాయకుడు హేమవతీ నందన్ బహుగుణ పోటీ చేసిన ఆ స్థానంలోకి సంఘానికి తెలియకుండా ఇతర రాష్ట్రాల పోలీసులు దిగారు. సంఘం ఆ పోలింగ్‌ను పూర్తిగా రద్దుచేసింది. మరుసటి ఏడాది మళ్లీ పోలింగ్ జరిగితే బహుగుణ గెలిచారు. బలగం ఎంత ఉందన్నది ఒక్కటే చాలదని, అది ఎవరి మాట వింటుందన్నదే అసలు విషయమని గఢ్వాల్ తేటతెల్లం చేసింది.

ప్రజాప్రాతినిధ్య చట్టానికి 1988 చివర్లో చేసిన సవరణ ఈ అనుభవాలకు జవాబు. కొత్తగా చేరిన 28ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల విధుల్లో ఉన్న అధికారులు, అందుకు నియమితులైన పోలీసులు నోటిఫికేషన్ నుంచి ఫలితాల ప్రకటన దాకా సంఘానికి డిప్యుటేషన్‌పై ఉన్నట్టే. బూత్ ఆక్రమణ ప్రత్యేక నేరమైంది. అది జరిగినచోట పోలింగ్‌ను రద్దుచేసే వీలూ కలిగింది.

1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరు ఎన్నికల ప్రచార సభలో మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ మానవబాంబుకు బలయ్యారు. దండ వేసే నెపంతో హంతకురాలు ఆయన దగ్గరికి చేరగలిగింది. మిగిలిన విడతల పోలింగ్ జూన్‌కు వాయిదా పడింది. భద్రతా లోపాలను జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ విచారించింది. నాయకుడికీ జనానికీ మధ్య ఖాళీ స్థలం, బారికేడ్లు, తనిఖీలు అప్పటినుంచి ప్రచార సభలకు విడదీయరాని భాగమయ్యాయి.

చట్టంలో ఉన్న అధికారాన్ని ఆచరణలో నిలబెట్టినవారు అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్. శేషన్. కేంద్ర బలగాల మోహరింపులో, సిబ్బందిపై చర్యల్లో సంఘం మాట చెల్లుతుందని ప్రభుత్వం ఒప్పుకునేదాకా ఎన్నికలు జరపబోనని 1993 ఆగస్టు 2న ఆయన ఉత్తర్వు ఇచ్చారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996లో చట్టం మళ్లీ మారింది. పోలింగ్ కేంద్రం దగ్గరికి ఆయుధంతో రావడం నేరమైంది. పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు మద్యం అమ్మకం నిషిద్ధమైంది. ప్రచారానికి కనీస గడువు 20 రోజుల నుంచి 14 రోజులకు తగ్గింది.

స్థానిక పోలీసులపై నమ్మకం తగ్గినకొద్దీ కేంద్ర బలగాల అవసరం పెరిగింది. ఒకచోట పని ముగించుకుని రైళ్లలో మరో రాష్ట్రానికి వెళ్లడానికి వాటికి వ్యవధి కావాలి. ఎన్నికలు విడతలుగా జరగడానికి ముఖ్య కారణం ఇదే. 1980లో జనవరి 3, 6 తేదీల్లో ముగిసిన పోలింగ్ 2014లో తొమ్మిది, 2019లోనూ 2024లోనూ ఏడేసి విడతలు పట్టింది. 2024లో సంఘం కోరిన కేంద్ర బలగాలు దాదాపు 3,400 కంపెనీలు. 2004 నుంచి దేశమంతటా వాడుకలోకి వచ్చిన ఓటింగ్ యంత్రం నిమిషానికి కొన్ని ఓట్లే తీసుకుంటుంది. కట్టలకు కట్టలు ముద్రలు గుద్ది పెట్టెలో కుక్కే పాత దందా దానితో కష్టమైంది. ఒత్తిడి డబ్బు వైపు మళ్లింది. పోలీసులు చెక్‌పోస్టుల్లో కార్ల డిక్కీలు వెతకసాగారు. 2019 ఎన్నికల్లో పట్టుబడిన నగదు, మద్యం, మత్తుపదార్థాలు, ఇతర కానుకల విలువ 3,475 కోట్ల రూపాయలు.

28ఎ సెక్షన్ పరిధి ఆంధ్రప్రదేశ్‌లోనే గట్టిగా చర్చకు వచ్చింది. 2019 మార్చిలో ఇంటెలిజెన్స్ అధిపతిని తప్పించమని సంఘం ఆదేశిస్తే, ఆ పదవికి ఎన్నికల విధులతో సంబంధం లేదని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. 2024 మే 13న పోలింగ్ జరిగిన తర్వాత పల్నాడు, తాడిపత్రి, తిరుపతి ప్రాంతాల్లో దాడులు చెలరేగాయి. మాచర్ల నియోజకవర్గంలో ఒక పోలింగ్ కేంద్రంలో యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం వెబ్‌కాస్టింగ్ కెమెరాకు చిక్కింది. పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేయాలని, తిరుపతి ఎస్పీని బదిలీ చేయాలని సంఘం ఆదేశించింది. లెక్కింపు తర్వాత మరో 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలోనే ఉంచాలని కోరింది.

ఈ చివరి ఆదేశం చట్టంలోని వెలితిని చూపుతోంది. ఫలితాలు వెలువడిన రోజుతో పోలీసుల డిప్యుటేషన్ తీరిపోతుంది. ఓడినవారి ఇళ్లమీద, ఎదుటి పార్టీకి ఓటేశారన్న అనుమానం ఉన్న వాడలమీద దాడులు మొదలయ్యేది సరిగ్గా ఆ రోజునే. ఓటు వేసేదాకా ఓటరుకు దొరికిన రక్షణ, వేశాక కూడా కొన్నాళ్లు కొనసాగాలి. అందుకు చట్టంలో ఇప్పటికీ చోటు లేదు.